జేబు చాకును పెట్టెలో దాచకండి

రాయలసీమలో కత్తి అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది సినిమా. తెల్లచొక్కాలు, సుమోలు, వేటకొడవళ్లు. అందుకే తిరుపతిలోనో చిత్తూరులోనో ఎవరైనా జేబులోంచి చిన్న మడత చాకు తీసి బేనీషా మామిడిపండు కోస్తే పక్కనున్నవాళ్లు ఒక్కసారి తలతిప్పి చూస్తారు. ఆ చూపు అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. పాతకాలపు మడత చాకును విప్పి దాని కట్టుబడి చూసినవాళ్లెవరూ దాన్ని ఆయుధాల లెక్కలో వెయ్యరు. చాకుల్ని ఇష్టంగా సేకరించి, వాటికి గాలి కూడా తగలనివ్వకుండా డబ్బాల్లో పెట్టేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ముడిపడినవే. ఎవరూ వాడని వస్తువు ఊరికి కొత్తగానే ఉంటుంది, కొత్తగా ఉన్నదంటే జనం భయపడతారు.

ముందు కట్టుబడి చూద్దాం. సంప్రదాయ చాకులో ఒక అలుగు, అంటే కోసే భాగం, అది తిరిగే ఇరుసు పిన్ను, పిడి వెన్ను పొడవునా ఉండే ఉక్కు స్ప్రింగు పట్టీ, దానికి రెండు పక్కలా ఇత్తడి రేకులు, రేకుల మీద ఎముకో కొమ్మో కొయ్యో బిగించిన చెక్కలు, కొసల్లో లోహపు టోపీలు ఉంటాయి. అలుగు మొదలు నలుచదరంగా ఉంటుంది. స్ప్రింగు ఆ చదునైన ముఖాన్ని నొక్కి పట్టడం వల్లే తెరిచినప్పుడు అలుగు నిలబడుతుంది, మూసినప్పుడు లోపలే ఉంటుంది. తెరిచిన అలుగును కదలకుండా బిగించే తాళం లేదు. బొత్తాం లేదు. తెరవాలంటే అలుగు మీదున్న గోటి గాడిలో గోరు పెట్టి, రెండో చేత్తో పిడి పట్టుకుని లాగాలి. కొన్నిట్లో సగం తెరుచుకున్నాక, అంటే 90 డిగ్రీల దగ్గర, ఒకసారి టక్కున ఆగుతుంది. మూసేటప్పుడు వేళ్లు గాడిలోంచి తీసేయడానికి ఇచ్చిన వ్యవధి అది.

రెండు చేతులు కావాలి, నిదానంగా తెరుచుకుంటుంది, పొడిస్తే సొంత వేళ్ల మీదికే మడుచుకుంటుంది. కొట్లాటకు ఇంతకంటే పనికిమాలిన వస్తువు ఉండదు. కొయ్యడానికి మాత్రం ఇది చాలు. పదునైన అంచును పండు మీద నొక్కినప్పుడు ఆ బలం అలుగును ఇంకా తెరుచుకునే దిక్కుకే నెడుతుంది. మడుచుకునేది వెన్ను మీద బలం పడ్డప్పుడు, లేదా మొన దేంట్లోనైనా ఇరుక్కుంటే మెలితిప్పి లాగినప్పుడు. అందుకే డబ్బా మూత లేపడానికి, కొబ్బరికాయ కన్ను పొడవడానికి దీన్ని వాడకూడదు. తాళం లేని చాకు ప్రమాదం అనేవాళ్లకు నా జవాబు ఇదే: చాకుతో చెయ్యకూడని పనులు చేసేవాళ్లకే తాళం అవసరం పడుతుంది. తాళం ఉందన్న ధైర్యంతో పొడిచే అలవాటు అయితే, ఆ తాళం అరిగి జారిన రోజున ఇంకా లోతుగా తెగుతుంది.

సినిమా మన బుర్రల్లో నాటిన మడత కత్తి రాంపురీ. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో తయారైన పొడుగాటి చాకు అది. నాలుగున్నర అంగుళాలు దాటిన అలుగుల మీద అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టాక ఆ పని చేసేవాళ్లు చాలా తగ్గిపోయారు. జపాన్‌లో అయితే ఇంకా బాధ కలిగించే సంగతి జరిగింది. మికీ పట్టణంలో తయారయ్యే హిగోనోకామి ఒకప్పుడు బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకునే చాకు. 1960లో ఇనెజిరో అసనుమా అనే రాజకీయ నాయకుణ్ణి వేదిక మీదే ఒక యువకుడు పొట్టి కత్తితో పొడిచి చంపాడు. ఆ తర్వాత పిల్లల దగ్గర చాకులు ఉండకూడదన్న ఉద్యమం నడిచింది. హత్య జరిగింది ఖడ్గం జాతి కత్తితో, అంతరించే దశకు వచ్చింది పెన్సిలు చాకు. భయం దేనిమీదో, వేటు దేనిమీదో చూడండి.

చట్టం ఈ విషయంలో జనం అనుకునేదానికంటే స్పష్టంగానే ఉంది. 1959 ఆయుధ చట్టం కింది నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న అలుగుల్ని ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటి పనికీ వ్యవసాయానికీ శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ చేసినవాటిని అందులోంచి మినహాయించారు. జేబు చాకు అలుగు మహా అయితే 5 నుంచి 9 సెంటీమీటర్లు, అంటే దాదాపు మూడున్నర అంగుళాలు. అలాగని ఎక్కడికి పడితే అక్కడికి తీసుకెళ్లొచ్చని కాదు. కొండకి వెళ్లే రోజు చాకు ఇంట్లోనే ఉండాలి. అలిపిరి నుంచి మెట్లెక్కినా బండిలో పోయినా తనిఖీ తప్పదు. అక్కడ సిబ్బందితో ఇది పండ్లు కోసుకునేదని వాదించడం వాళ్ల పనికి అడ్డుపడటమే. రేణిగుంట విమానాశ్రయంలో చేతి సంచిలో చాకు పెట్టుకోకూడదు, కిందికి పంపే పెట్టెలో పెట్టొచ్చు. కోర్టుకీ కలెక్టరేట్‌కీ వెళ్లేటప్పుడు తీసుకెళ్లద్దు. ఎన్నికలప్పుడో గొడవలప్పుడో 163 సెక్షన్ విధించినప్పుడు, అంటే పాత 144 అన్నమాట, అసలు బయటికే తియ్యద్దు. తాళంచెవుల గుత్తికి 58 మిల్లీమీటర్ల విక్టరినాక్స్ స్విస్ చాకు తగిలించుకునేవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు, దాని ఉనికే మర్చిపోతారు కాబట్టి. విడదీసుకోవడానికి వీలుండే చిన్న కొక్కెం పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక రోజూ జేబులో ఎందుకంటే, మన జిల్లాలో దానికి పని తక్కువేమీ లేదు. వేసవిలో దామలచెరువు మండీలో, పుత్తూరు రోడ్డు పక్కన, ఎక్కడ చూసినా మామిడే. బెంగళూర (తోతాపురి) కాయ గట్టిగా ఉంటుంది, దాన్ని ముక్కలు చెయ్యడానికి సన్నటి అలుగే మేలు. మందం అలుగు కొయ్యదు, పగలగొడుతుంది. గోనెసంచి కుట్టు విప్పడం, పురికొస తెంపడం, పూలదండ నార కత్తిరించడం, పాల ప్యాకెట్టు మూల కొయ్యడం, కొరియరు పెట్టె టేపు చీల్చడం అన్నీ దీని పనులే. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు వెదురుపుల్లను చాకుతో చెక్కే కలం తయారుచేసుకుంటారు. ముంజలకీ చెరకు గడకీ కొబ్బరిబోండానికీ మచ్చుకత్తి ఉంది, ఆ పనులు దానికే వదిలెయ్యాలి. మామిడి అంటు కట్టడానికీ ఈ చాకు సరిపోదు. అంటు చాకుకు ఒకవైపే పదును వాలు ఉంటుంది, అందుకే కోత చదునుగా వచ్చి రెండు కొమ్మలూ సందు లేకుండా అతుక్కుంటాయి. రెండువైపులా వాలున్న జేబు చాకు కోతను కొంచెం గుంట చేస్తుంది, అంటు పట్టడం కష్టమవుతుంది.

అట్టపెట్టెల గురించి ఒక హెచ్చరిక. అట్ట మెత్తగా కనిపిస్తుంది గానీ పాత కాగితంతో చేసిన అట్టలో సన్నటి ఇసుక, మట్టి ఉంటాయి. పది పెట్టెలు కోస్తే పండు తోలు మీద జారిపోయేంత మొద్దుబారుతుంది. స్టాక్‌మన్ అనే మూడు అలుగుల చాకు నాకు అందుకే ఇష్టం. క్లిప్ అనే మొనదేలిన అలుగు తిండికి, షీప్‌ఫుట్ అనే నిటారు అంచు అలుగు అట్టకీ తాడుకీ అని విడదీసుకోవచ్చు. స్పే అనే మొండిమొన అలుగు పశువుల కాపరుల అవసరానికి పుట్టింది, మనకి కాగితాలూ కవర్లూ కొయ్యడానికి బాగుంటుంది. ఒకే స్ప్రింగు మీద రెండు అలుగులుంటే రెండూ ఒకేసారి తెరవకండి. పట్టీ మీద భారం రెట్టింపై కాలక్రమంలో వదులవుతుంది, లేదా విరుగుతుంది.

కార్బన్ ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్న చర్చ ఎప్పటికీ తెగదు. నేను కార్బన్ పక్షం, కారణాలు చెబుతాను. ఫ్రాన్సు చాకు ఒపినెల్ కార్బన్ అలుగులో గానీ, అమెరికా చాకుల్లో వాడే 1095 రకం ఉక్కులో గానీ కర్బనం దాదాపు 0.9 శాతం పైమాటే. సన్నగా పదునెక్కుతుంది, ఇంట్లో ఉన్న మామూలు రాయి మీదే తొందరగా పదునవుతుంది. దాని లోపం తుప్పు. మామిడికాయ పులుపు తగలగానే అలుగు నీలంగా, తర్వాత బూడిదరంగుకి తిరుగుతుంది. మొదటి కొన్ని కోతల్లో ముక్కలకి ఇనుపవాసన వస్తుంది, అంచులు నల్లబడతాయి. ఇది చూసి బెదిరి చాలామంది చాకును మూల పడేస్తారు. ఆ నల్లపొర గట్టిపడ్డాక వాసనా పోతుంది, ఎర్రతుప్పు పట్టడమూ తగ్గుతుంది. నలుపు ఉండనివ్వాలి, ఎరుపును మాత్రం కనిపించగానే తియ్యాలి. రెండు చుక్కల నూనె వేసి అతి సన్నటి స్టీలు ఉన్నితో రుద్దితే చాలు.

అసలు శత్రువు పులుపు కాదు, ఉప్పు. మామిడిముక్కల మీద ఉప్పూకారం చల్లాక అదే చాకుతో మళ్లీ కోసి, తుడవకుండా మడిచి జేబులో పెడితే సాయంత్రానికి అలుగు మీద చుక్కచుక్కలుగా గుంటలు పడటం మొదలవుతుంది. మే నెల చెమటా ఇదే పని చేస్తుంది. చొక్కా తడిసిపోయే రోజుల్లో చాకును చిన్న తోలు సంచిలో వేసుకుని ప్యాంటు ముందు జేబులో పెట్టుకోవడం మంచిది. పంచె కట్టేవాళ్లు రొండిన దోపుకుంటే చెమట నేరుగా తగులుతుంది, అలాంటివాళ్లకి నేనే స్టెయిన్‌లెస్ తీసుకోమంటాను. స్విస్ చాకుల ఉక్కు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో, 56 దరిదాపుల్లో ఉంటుంది. పదును కొంచెం ముందే తగ్గుతుంది గానీ నాలుగు రుద్దులకే మళ్లీ వస్తుంది.

ఇరుసుకి కొబ్బరినూనె వద్దు. కొన్నాళ్లకి జిడ్డుకట్టి దుమ్మును పట్టేసుకుంటుంది, చాకు తెరుచుకోవడమే కష్టమవుతుంది. మందుల షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి. తినే వస్తువుకి తగిలినా ఇబ్బంది లేదు, చిక్కబడదు. ఇరుసు దగ్గర ఒక చుక్క వేసి పది పదిహేనుసార్లు తెరిచి మూస్తే లోపలి నల్లటి మడ్డి బయటికొస్తుంది, గుడ్డతో తుడిచెయ్యాలి. మామిడిరసం లోపలికి పోతే ముందు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే సబ్బు వేసి ఆడించి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె.

పదును పట్టడం గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి చాకులు పాడయ్యేది ఇక్కడే. వీధిలో సైకిలు చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్లు కత్తిపీటలకీ కొడవళ్లకీ బాగా చేస్తారు. జేబు చాకును మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. అంత సన్నటి అలుగు పొడి చక్రం మీద క్షణాల్లో వేడెక్కుతుంది. కార్బన్ ఉక్కును గట్టిపరిచాక పెళుసుదనం తగ్గించే చివరి మెత్తబాటు దాదాపు 200 డిగ్రీల దగ్గర ఇస్తారు. అంచు నీలంగా మారిందంటే వేడి 300 డిగ్రీల చుట్టుపక్కలకి చేరిందన్నమాట. ఆ భాగంలో గట్టిదనం పోయింది, ఇక ఎంత నూరినా పదును నిలవదు. రెండో నష్టం కంటికి కనబడదు. అలుగు మొదట్లో, అంచు మొదలయ్యే చోటికి ముందు, ఒక చిన్న బొడిపె ఉంటుంది. మూసినప్పుడు అది స్ప్రింగు మీద ఆని, పదునైన అంచు పట్టీకి తగలకుండా కాస్త ఎత్తులో ఆపుతుంది. చక్రం ఆ బొడిపెను అరగదీస్తే మూసిన ప్రతిసారీ అంచు పట్టీకి కొట్టుకుని, ఒకేచోట మొక్కపోతుంది. అనుమానముంటే సన్నటి కాగితం పేలికను గాడిలో పెట్టి చాకును టప్పున మూసి చూడండి. కాగితం తెగిందంటే అంచు తగులుతున్నట్టే. అప్పుడు వేలితో ఆపుకుంటూ మెల్లగా మూయడం ఒక్కటే దారి.

ఇంట్లో 1000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ రాయి సన్నం) నీటిరాయి ఒకటి, 3000ది ఒకటి ఉంటే జీవితాంతం సరిపోతాయి. బాగా మొద్దుబారినవాటికి 400ది. రాయిని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి. కోణం దగ్గరే అందరూ తడబడతారు. దానికి నాణేలు సాయపడతాయి. ఇప్పటి చిన్న రూపాయి బిళ్ల మందం మిల్లీమీటరున్నరకి కాస్త తక్కువ. మూడు బిళ్లలు దొంతిగా రాయి మీద పెట్టి, 18 మిల్లీమీటర్ల వెడల్పున్న అలుగు వెన్నును వాటిమీద ఆనించి, అంచును రాయికి తాకిస్తే దాదాపు 14 డిగ్రీలు వస్తుంది. పండ్లు కోసేదానికి అది చాలు. అట్ట, తాడు కోసే అలుగుకి నాలుగు బిళ్లలు. ఆ ఎత్తు చేతికి అలవాటయ్యాక నాణేలు తీసేసి రుద్దాలి. ఇరుసు దగ్గరి బొడిపె రాయికి తగలకుండా మిల్లీమీటరో రెండో ఇవతల నుంచే మొదలుపెట్టాలి.

ఒక పక్క రుద్దుతూ ఉంటే అవతలి పక్కన అంచు పొడవునా గోటికి తగిలే సన్నటి గరుకు లేస్తుంది. అది మొదటినుంచి మొనదాకా లేచేవరకు పక్క మార్చకూడదు. ఎన్ని రుద్దులని లెక్క పెట్టుకోవడం కంటే ఈ గరుకును వెతకడమే సరైన పద్ధతి. రెండో పక్కా అలాగే చేసి, తర్వాత పక్కకొకటి చొప్పున మార్చిమార్చి తేలిగ్గా రుద్దితే గరుకు రాలిపోతుంది. 3000 రాయి మీద మళ్లీ అదే, ఇంకా తక్కువ బలంతో. చివర పాత తోలు బెల్టు లోపలివైపు మీద, అంచు వెనక్కి వచ్చేలా, పక్కకి పదేసి సార్లు లాగండి. పరీక్షకి మాగిన టమాటా చాలు. అలుగు బరువుకే తోలు తెగితే పని అయినట్టు. మెరుస్తున్నా తోలు మీద జారుతోందంటే గరుకు ఇంకా పోలేదు, లేదా అంచు కలవనే లేదు.

సేకరణ దగ్గరికొస్తే, ఒకే నమూనా చాకును పదిరంగుల పిడుల్లో కొని వరసగా పేర్చడం నాకు అర్థం కాని పని. అలుగును ఎలా నిలబెడతారన్న ప్రశ్నకి వేర్వేరు ఊళ్లు ఇచ్చిన జవాబుల్ని సేకరించండి, అప్పుడు ప్రతి చాకూ ఏదో ఒకటి నేర్పుతుంది. స్ప్రింగు పట్టీతో పనిచేసే బార్లో లేదా స్టాక్‌మన్ ఒకటి. ఫ్రాన్సులోని సవోయ్‌లో 1890లో మొదలైన ఒపినెల్ ఒకటి. దానికి స్ప్రింగే లేదు, బీచ్ కొయ్య గాడిలో రాపిడితో నిలిచేది. 1955లో తిప్పే ఉంగరం చేర్చారు. మన వానాకాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ కొయ్య ఉబ్బి అలుగు కదలదు. పిడి వెనకకొసను బల్లమీద తడితే అలుగు కాస్త బయటికొస్తుంది. శాశ్వతంగా పోవాలంటే గాడి లోపల రెండువైపులా గరుకు కాగితంతో కొంచెం తీసి, పెయింటు షాపులో దొరికే కాచిన అవిసెనూనె పట్టించాలి. ఆ నూనె గుడ్డను ముద్దచేసి పడేయకండి, మన ఎండకి దానంతటదే రాజుకోగలదు. ఆరుబయట పరిచి ఆరనివ్వండి. వెనక మీటను బొటనవేలితో నొక్కి పట్టుకునే హిగోనోకామి ఒకటి. మడిచిన ఉక్కు రేకే పిడిగా ఉండే, 1929 నుంచి ఫ్రాన్సులోని థియేర్‌లో చేస్తున్న డూక్-డూక్ ఒకటి. కచ్‌లోని రేహా, అంజార్ వైపు కమ్మరులు చేసే ఇత్తడి పిడి చాకు ఒకటి. ఈ అయిదూ చేతిలో ఆడితే ఆరోదాన్ని ఏ కళ్లతో చూడాలో తెలుస్తుంది.

పాత చాకు కొనేటప్పుడు ముద్ర కంటే ముందు స్ప్రింగును చూడండి. తెరిచినప్పుడూ మూసినప్పుడూ పట్టీ వెన్ను పిడితో సమంగా ఉండాలి. దీపానికి అడ్డంపెట్టి చూస్తే పట్టీకీ రేకుకీ మధ్య వెలుతురు రాకూడదు. అలుగును పక్కలకి ఊపండి. కొద్దిగా కదిలితే ఫరవాలేదు, పైకీ కిందికీ ఆడితే వదిలెయ్యండి. గోటి గాడి అంచుకి మరీ దగ్గరగా ఉందంటే సగం అలుగు ఎప్పుడో అరిగిపోయిందని అర్థం. షెఫీల్డ్‌లోని జోసెఫ్ రాడ్జర్స్ నక్షత్రం, సిలువ గుర్తుకి నకళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. అక్షరాలు లోతు తక్కువగా, వంకరగా ఉంటే ధర తగ్గించి కాదు, అసలే కొనకండి.

పిడి విషయంలో మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. శేషాచలం ఎర్రచందనంతో పిడి చేసి ఇస్తామని ఎవరైనా అంటే కాగితాలు అడగండి, లేకపోతే వద్దనండి. దుప్పికొమ్ము, జింకకొమ్ము పిడులు ఎంత అందంగా ఉన్నా 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. చింతచేవ, తుమ్మచేవ, గేదెకొమ్ము ఏం తక్కువని? కొమ్ము, ఎముక మాత్రం ఎండలో ఆపిన కారులో వదిలితే పిన్నుల దగ్గర చీలతాయి. పాత సెల్యులాయిడ్ పిడి చాకుల్ని మిగతావాటితో కలపకండి. కర్పూరం వాసన వస్తే అదే. అది కుళ్లుతూ వదిలే ఆవిరికి పక్కనున్న అలుగులన్నీ తుప్పుపడతాయి. ఏ చాకునూ తోలు ఒరలో నెలలతరబడి ఉంచకూడదు, తోలు శుద్ధికి వాడిన ఉప్పులు, రసాయనాలు ఉక్కును తింటాయి.

డబ్బాలో దాచినవాళ్ల నష్టం ఇక్కడే. నూనె ఎండుతుంది, ఇరుసులో తుప్పు కనబడకుండా పెరుగుతుంది, మూడేళ్ల తర్వాత తెరవబోతే గోరు విరుగుతుంది. వారానికొకటి చొప్పున జేబులోకి మారుస్తూ ఉంటే ప్రతి చాకూ ఏడాదిలో కొన్నిసార్లయినా కడిగించుకుంటుంది, నూనె వేయించుకుంటుంది. ఎన్నడూ వాడని చాకుకి అమ్మకంలో ధర ఎక్కువన్నది నిజమే. అమ్మడానికే కొనేవాళ్లు కొనుక్కోనివ్వండి, వాళ్లది వ్యాపారం.

ఇనుమును చేతిలోంచి చేతికి ఇవ్వకూడదని మన ఇళ్లలో అంటారు. చాకు విషయంలో ఇది ఎంతో మంచి ఆచారం. అడిగినవాళ్లకి మూసి, బల్లమీద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు. ఆయుధపూజ రోజున మాత్రం కొంచెం చూసుకోండి. తడి పసుపుకుంకాలు, పక్కన కోసి పెట్టిన నిమ్మకాయ రసం కార్బన్ అలుగు మీద రాత్రంతా ఉంటే తెల్లారేసరికి మచ్చలు దిగుతాయి. బొట్టు పిడి మీది లోహపు టోపీకి పెట్టి, అలుగుకి ముందే పల్చగా నూనె రాసి, హారతి అయ్యాక పొడిగుడ్డతో తుడిచి జేబులో వేసుకోండి.